సముద్ర సూక్ష్మజీవులు – మేఘాలు – మన బాధ్యత

సముద్రమనగానే మనకు స్ఫురించేవి అలలు, నౌకలు, చేపలు, ముత్యాలు. కొంత చదువుకొన్నవారికి ఋతుపవనాలు, తుపానులు కూడా స్ఫురిస్తాయి. కాని ఒక్క మిల్లీలీటరు సముద్రజలంలో లక్షల సంఖ్యలో సూక్ష్మజీవులు నివసిస్తున్నవనీ, అవి పుట్టి, పెరిగి, ఒకదానికొకటి ఆహారమై నశించే క్రమంలో వెలువడే ఒక వాయువు ఆకాశంలోని మేఘాలకు బీజమవుతున్నదనీ ఎరిగినవారు మనలో చాల తక్కువ. ఆ వాయువు కథ గడచిన యాభై ఏండ్లలో శాస్త్రలోకాన్ని ఎంతగానో ఆకర్షించింది. ఎన్నో ఆశలను రేకెత్తించింది. పిమ్మట ఆ ఆశలలో కొన్నింటిని అదే శాస్త్రం నిర్దాక్షిణ్యంగా త్రోసివేసింది.

ఈ వ్యాసంలో ఆ కథను చెప్పి, దానినుండి గ్రహించవలసిన ఒక విషయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలకవర్గ పెద్దల ముందు ఉంచదలచినాము. ఆ విషయమేమిటో ముందుగానే చెప్పడం ఉచితం. మనం గాలికి చేసే అపచారాన్ని సముద్రం తనంతట తానే సరిదిద్దుతుందని నమ్మి చేతులు ముడుచుకొని కూర్చోవడానికి శాస్త్రంలో ఆధారం లేదని మా అభిప్రాయం.

గంధకం మనకు కొత్త పదార్థం కాదు. తెలుగువారు గంధకమన్నా, మన కళాశాలలోని ఉర్దూ శాఖవారు గంధక్ అన్నా మాట ఒక్కటే. అగ్గిపుల్ల తలలో ఉన్నది, బాణసంచాలో ఉన్నది, చర్మరోగాలకు పూసే లేపనాలలో ఉన్నది. ఉల్లిపాయ కోసేవారి కంట నీరు తెప్పించేది కూడా ఒక గంధక సమ్మేళనమే. అంతకంటె ముఖ్యమైన విషయం, గంధకం లేనిదే ప్రాణి లేదు. మన శరీరంలోని మాంసకృత్తులను నిర్మించే అమైనో ఆమ్లాలలో మిథియోనిన్, సిస్టీన్ అనే రెండింటిలో గంధకం ఉన్నది. చెట్టుకైనా, చీమకైనా, మనిషికైనా ఇది తప్పనిసరి.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఉన్నది. వానలు కొండలను, నేలను కడిగి అక్కడి గంధకాన్ని సల్ఫేటు రూపంలో నదులలోకి చేరుస్తున్నవి. నదులు దానిని సముద్రంలో కలుపుతున్నవి. యుగయుగాలుగా ఈ ప్రవాహం ఒకే దిక్కుగా సాగితే నేలమీద గంధకం క్రమంగా తరిగిపోవాలి. అలా జరగలేదు. అంటే సముద్రంనుండి నేలకు గంధకం ఏదో ఒక మార్గాన తిరిగి వస్తున్నదన్నమాట. ఆ మార్గమేమిటి? కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రూపంలో వస్తున్నదని చాలకాలం శాస్త్రజ్ఞులు ఊహించినారు. అయితే ప్రాణవాయువు సమృద్ధిగా ఉండే సముద్రపు పైపొరలో హైడ్రోజన్ సల్ఫైడ్ నిలువజాలదు. అంత పరిమాణంలో అది వెలువడితే సముద్రతీరాలలో ముక్కు మూసికొని తిరగవలసి వచ్చేది.

ఈ చిక్కు విప్పినవారు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ లవ్‌లాక్. ఆయన 1971–72లో షాకిల్టన్ అనే పరిశోధన నౌకలో బ్రిటన్ నుండి దక్షిణ ధ్రువప్రాంతం వైపు సాగిన యాత్రలో పాల్గొన్నారు. దారి పొడవునా సముద్రజలాన్ని పరీక్షించగా డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక వాయువు దానిలో కరిగి ఉన్నట్లు తేలినది. 1972లో ఆయన, మాగ్స్, రాస్ముసెన్ కలిసి ప్రకటించిన చిన్న వ్యాసం సముద్రంనుండి గంధకం తిరిగివచ్చే మార్గాన్ని చూపినది. నిజానికి ఈ వాయువు అంతకుముందే కొందరి దృష్టికి వచ్చినది. 1935లో హాస్ అనే రసాయనజ్ఞుడు పాలిసైఫోనియా అనే ఎర్రని సముద్రపు నాచునుండి ఇది వెలువడుతున్నదని చెప్పినారు. 1948లో ఛాలెంజర్, సింప్సన్ అనేవారు ఆ నాచులో ఈ వాయువుకు మూలమైన పదార్థాన్ని గుర్తించినారు. దాని పూర్తి పేరు డైమిథైల్ సల్ఫోనియో ప్రొపియనేట్. పేరు పొడవు గనుక శాస్త్రజ్ఞుల వాడుక ననుసరించి దానిని డి.ఎం.ఎస్.పి. అనీ, దానినుండి పుట్టే వాయువును డి.ఎం.ఎస్. అనీ ఇకపై వ్యవహరిస్తాము.

సముద్రంలో తేలియాడే ఏకకణ శైవలాలను వృక్షప్లవకాలంటారు. భూమిమీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగభాగం నిర్వహించేవి ఇవే. మహారణ్యాలన్నీ కలిసి చేసే పనికి దీటైన పనిని కంటికి కనిపించని ఈ మొక్కలు నిశ్శబ్దంగా చేస్తున్నవి. వాటిలో ఎమిలియానియా హక్స్‌లీ, ఫియోసిస్టిస్, డైనోఫ్లాజెల్లేట్లు వంటివి తమ కణాలలో డి.ఎం.ఎస్.పి.ని అధికంగా నిల్వచేసికొంటాయి. ఉప్పునీటిలో బ్రతికే కణంలోని నీరు బయటికి లాగబడకుండ ఇది కాపాడుతుంది. చలిప్రాంతాలలో గడ్డకట్టకుండ తోడ్పడుతుంది. తీవ్రమైన ఎండవలన కణానికి కలిగే హానిని తగ్గిస్తుందని కూడ పరిశోధనలు సూచించినవి. మనం ఊరగాయలో ఉప్పు వేసినట్లు శైవలం తన మేలుకొరకే దీనిని కూర్చుకొంటున్నది. మేఘాలను సృష్టించాలన్న సంకల్పం దానికేమీ లేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, మున్ముందు అవసరమవుతుంది.

శైవలం చనిపోయినప్పుడు, లేదా వైరస్ సోకి పగిలిపోయినప్పుడు, లేదా మరొక జీవి దానిని నమలినప్పుడు ఈ డి.ఎం.ఎస్.పి. నీటిలోకి వచ్చి చేరుతుంది. అక్కడ కాచుకొని ఉండేవి బాక్టీరియాలు. వాటిలో ముఖ్యమైనది పెలాజిబాక్టర్ అనే అతిచిన్న జీవి. ఈ వర్గపు ఉనికి 1990లో తెలిసినది. 2002లోగాని దానిని ప్రయోగశాలలో పెంచడం సాధ్యం కాలేదు. ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతు పొడవైనా లేని ఈ జీవి ప్రపంచ సముద్రాలలో అత్యధిక సంఖ్యలో ఉండే ప్రాణులలో ఒకటి. దాని జన్యుపదార్థంలో సుమారు 13 లక్షల జతల అక్షరాలు మాత్రమే ఉన్నవి. ఇంత పొదుపుగా బ్రతికే ఈ జీవి చుట్టూ ఉన్న నీటిలోని సల్ఫేటును వాడుకోలేదనీ, తనకు కావలసిన గంధకాన్ని డి.ఎం.ఎస్.పి. వంటి సమ్మేళనాలనుండే పొందుతున్నదనీ 2008లో వెల్లడైనది. సముద్రమంతా సల్ఫేటు ఉన్నా ఇరుగుపొరుగు పంచిపెట్టే భోజనంపై ఆధారపడి జీవిస్తున్నదన్నమాట!

డి.ఎం.ఎస్.పి. దొరికిన బాక్టీరియాకు రెండు దారులు ఉన్నవి. మొదటి దారిలో దాని గంధకాన్ని తన శరీర నిర్మాణానికి వాడుకొంటుంది. రెండవ దారిలో దానిని చీల్చి కర్బనాన్ని గ్రహించి, డి.ఎం.ఎస్. వాయువును వదలివేస్తుంది. కొన్ని జాతులకు ఈ రెండు విద్యలూ తెలుసు. మొదటి దారికి సంబంధించిన జన్యువు 2006లోను, రెండవ దారికి సంబంధించిన జన్యువులలో మొదటిది 2007లోను గుర్తింపబడినవి. శైవలాలు తామే ఈ చీల్చే పని చేసే విధానానికి చెందిన జన్యువు 2015లో తెలిసినది. డి.ఎం.ఎస్.పి.ని తయారుచేసేవి శైవలాలు మాత్రమేనని అంతవరకు ఉన్న నమ్మకం కూడ 2017లో తొలగిపోయినది, కొన్ని బాక్టీరియాలు సైతం దానిని తయారుచేస్తున్నవని నిరూపితమైనది. ఏ దారిలో ఎంత గంధకం పోతుందో నిర్ణయించేది ఈ సూక్ష్మజీవుల ఆకలిదప్పులే. తయారైన డి.ఎం.ఎస్.లో కూడ అధికభాగాన్ని ఇతర బాక్టీరియాలు తినివేస్తాయి, ఎండ మరికొంత నాశనం చేస్తుంది. మిగిలిన కొద్దిభాగమే గాలిలోకి చేరుతుంది.

ఆ కొద్దిభాగమే ఏటా సుమారు 2 కోట్ల 80 లక్షల టన్నుల గంధకానికి సమానమని అంచనా. జీవరాశినుండి వాతావరణానికి చేరే గంధకంలో ఇదే పెద్దపద్దు. సముద్రపు ఒడ్డున మనకు సోకే ఆ ప్రత్యేకమైన వాసనలో ఈ వాయువుకు ముఖ్యమైన పాలు ఉన్నది. మనకది వాసన మాత్రమే, కొన్ని పక్షులకు అది ఆహారపు జాడ. దక్షిణ ధ్రువసముద్రంలోని పెట్రెల్ జాతి పక్షులు ఈ వాసనను పట్టుకొని వెళ్ళి మేతను కనుగొంటున్నవని గాబ్రియెల్ నెవిట్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 1995లో చూపినారు. సముద్రంలో తేలే ప్లాస్టిక్ ముక్కలపై నాచు పట్టి అదే వాసన వేస్తున్నదనీ, అందువలన ఆ వాసనను వెదికే పక్షులు ప్లాస్టిక్‌ను మ్రింగుతున్నవనీ 2016లో మరొక పరిశోధన తెలిపినది. కోట్ల సంవత్సరాలుగా నమ్మకమైన గుర్తుగా ఉన్న ఒక వాసనను మనం పారవేసిన చెత్త అబద్ధంగా మార్చివేసినది. మానవుని నిర్లక్ష్యానికి ఇంతకంటె నిదర్శనం వేరొకటి కావలెనా?

ఇక మేఘాల విషయానికి వద్దాము. నీటి ఆవిరి తనంతట తాను బిందువుగా మారదు. ఏదో ఒక సూక్ష్మకణాన్ని ఆధారం చేసికొని దానిచుట్టూ చేరుతుంది. ఆ కణాలను మేఘబీజాలనవచ్చు. గాలిలోకి చేరిన డి.ఎం.ఎస్. ఒకటి రెండు రోజులలో రసాయనిక మార్పులకు లోనై సల్ఫర్ డయాక్సైడ్ గాను, ఆపైన గంధకికామ్లం గాను మారుతుంది. ఆ ఆమ్లపు అతిసూక్ష్మ కణాలు పెరిగి మేఘబీజాలు కాగలవు. ఒకే పరిమాణంలో ఉన్న నీరు ఎక్కువ బీజాలమీద పంచబడితే బిందువులు చిన్నవై, సంఖ్యలో పెరిగి, మేఘం మరింత తెల్లగా కనిపిస్తుంది. తెల్లని మేఘం సూర్యకాంతిని ఎక్కువగా వెనుకకు త్రిప్పి పంపుతుంది. ఈ సూత్రాన్ని 1970 దశకంలో ట్వోమీ అనే శాస్త్రజ్ఞుడు వివరించినారు.

ఈ తీగలన్నింటినీ ముడివేసి 1987లో ఛార్ల్‌సన్, లవ్‌లాక్, ఆండ్రియే, వారెన్ అనే నలుగురు ఒక ప్రతిపాదన చేసినారు. వారి పేర్ల మొదటి అక్షరాలను బట్టి దానికి క్లా ప్రతిపాదన అని పేరు వచ్చినది. దాని సారాంశం ఇది. ఎండ, వేడి పెరిగితే సముద్రంలో శైవలాలు ఎక్కువ డి.ఎం.ఎస్.ను వెలువరిస్తాయి. దానివలన మేఘబీజాలు పెరుగుతాయి. మేఘాలు తెల్లబడి ఎండను అడ్డగిస్తాయి. సముద్రం చల్లబడుతుంది. చల్లబడగానే డి.ఎం.ఎస్. తగ్గుతుంది. వేడి మించగానే తానే ఆగిపోయి, చల్లారగానే తిరిగి పనిచేసే విద్యుత్తు ఇస్త్రీపెట్టెను మనం చూస్తూనే ఉన్నాము. భూగోళానికి అటువంటి మీట ఒకటి ఉన్నదనీ, దానిని త్రిప్పుతున్నవి సముద్రపు సూక్ష్మజీవులనీ ఈ ప్రతిపాదన తాత్పర్యం.

ఎంత మనోహరమైన భావన! అణుమాత్రమైన జీవి మహాకాశాన్ని శాసిస్తున్నదంటే ఎవరికి ముచ్చట కలుగదు? ఆరంభంలో కొన్ని సాక్ష్యాలు కూడ అనుకూలంగానే కనిపించినవి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో కేప్ గ్రిమ్ అనే పరిశీలనా కేంద్రం ఉన్నది. అక్కడి గాలిలో డి.ఎం.ఎస్. నుండి పుట్టే ఆమ్లకణాలు వేసవిలో పెరిగినప్పుడు మేఘబీజాలు కూడ పెరుగుతున్నవని 1991లో తెలిసినది. ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి ఎన్నో దేశాల శాస్త్రజ్ఞులు నౌకలెక్కినారు, విమానాలెక్కినారు, ధ్రువప్రాంతపు మంచును త్రవ్వినారు.

అయితే పరీక్షలు పెరిగినకొలది చిక్కులు బయటపడినవి. వేడికి డి.ఎం.ఎస్. పెరగడం నిజమైతే, భూమి గడ్డకట్టిన హిమయుగాలలో అది బాగా తగ్గి ఉండాలి. దక్షిణ ధ్రువఖండంలోని వోస్తోక్ మంచులో ఇందుకు విరుద్ధమైన సూచనలు 1991లోనే కనిపించినవి. అదే ఖండంలో మరొకచోట త్రవ్విన మంచులో ఎనిమిది హిమచక్రాల చరిత్రను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలలో సముద్రజీవులనుండి వచ్చిన గంధకం పెద్దగా మారినట్లే లేదు. మరొకవైపు మేఘబీజాలన్నీ గంధకంనుండే రావడం లేదని తేలినది. అలలు విరిగి బుడగలు పగిలినప్పుడు ఎగిరే ఉప్పు, సేంద్రియ పదార్థాల తుంపరలు కూడ బీజాలవుతున్నవి. డి.ఎం.ఎస్. నుండి పుట్టే కొత్త కణాలు సముద్రపు ఉపరితలం దగ్గర కంటె చాల ఎత్తున ఎక్కువగా ఏర్పడి, దూరప్రాంతాలకు కొట్టుకొనిపోతున్నవి. కనుక ఇక్కడి శైవలం ఇక్కడి మేఘాన్ని దిద్దడం అరుదు. 2011లో క్విన్, బేట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సాక్ష్యాలన్నింటినీ తూచి, ఈ గొలుసులోని ఏ లంకె కూడ ప్రతిపాదకులు తలచినంత బలంగా లేదని, అటువంటి మీట ఉన్నదనే భావనను విరమించుకొనే సమయం వచ్చినదని వ్రాసినారు.

ఇంతమాత్రాన సముద్ర సూక్ష్మజీవులకు వాతావరణంతో ప్రమేయం లేదని భావించరాదు. మానవుల పొగ తక్కువగా సోకే దక్షిణ సముద్రంమీద, ఉత్తర ధ్రువప్రాంతంలో వేసవి మేఘాలకు ఈ గంధకం ముఖ్యమైన ఆధారం. ఈ శాస్త్రం ఇంకను పెరుగుతూనే ఉన్నది. డి.ఎం.ఎస్. గాలిలో మారే క్రమంలో అంతవరకు లెక్కకు రాని ఒక మధ్యపదార్థం పెద్ద పరిమాణంలో ఏర్పడుతున్నదని 2020లో విమాన పరిశీలనల వలన తెలిసినది. బాక్టీరియాల మొదటి దారిలో పుట్టే మిథేన్‌థయాల్ అనే మరొక గంధక వాయువు కూడ దక్షిణ సముద్రంపై చల్లదనానికి తోడ్పడుతున్నదని 2024లో ఒక పరిశోధన తెలిపినది. అంటే సూక్ష్మజీవుల ప్రభావం ఉన్నది. లేనిదల్లా మనకోసం సిద్ధంగా అమర్చిపెట్టిన రక్షణ కవచం. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించడమే ఈ వ్యాసానికి ప్రధానోద్దేశం.

ఎందుకింత పట్టుదల అని కొందరు ప్రశ్నించవచ్చు. సమాధానం చెబుతాము. ప్రకృతి తన్ను తానే సవరించుకొంటుంది, మనమెందుకు కంగారుపడాలి అనే మాట చదువుకొన్నవారి నోట కూడ వినబడుతూ ఉంటుంది. ఈ మాటలో భక్తి ఉన్నట్లు తోచినా, ఉన్నది సోమరితనమే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 పాళ్ళను దాటినది. ఆ వాయువు రెట్టింపైనప్పుడు కలిగే వేడిని మేఘాల ద్వారా త్రిప్పికొట్టాలంటే మేఘబీజాల సంఖ్య కూడ సుమారు రెట్టింపు కావాలని 1987 నాటి ఆ నలుగురే లెక్కకట్టినారు. ప్రపంచపు సముద్రాలన్నింటిమీద మేఘబీజాలు రెట్టింపు కావడం మాటలా? అటువంటి పెరుగుదలకు గుర్తులేమీ కనిపించలేదు.

పైగా వ్యవహారం విపరీతంగా పరిణమించే ప్రమాదం కూడ ఉన్నది. మనం వదలే బొగ్గుపులుసు వాయువులో కొంతభాగం సముద్రంలో కరిగి నీటి ఆమ్లతను పెంచుతున్నది. పారిశ్రామిక యుగారంభంలో సుమారు 8.2గా ఉన్న ఉపరితల జలాల పి.హెచ్. విలువ 8.1కి దిగివచ్చినది. ఇంకా ఆమ్లత పెంచిన నీటిలో చేసిన కొన్ని ప్రయోగాలలో డి.ఎం.ఎస్. ఉత్పత్తి తగ్గినట్లు కనిపించినది. దానిని ఆధారం చేసికొని 2013లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కలు వేయగా, ఆ తగ్గుదల భూతాపాన్ని మరింత పెంచగలదని తేలినది. ప్రయోగాలన్నీ ఒకే ఫలితాన్ని ఇవ్వలేదన్నది నిజమే. అయినా, ఆపత్కాలంలో మనలను ఆదుకొంటుందనుకొన్న చేయే మనలను వెనుకకు నెట్టవచ్చునన్న సూచన చాలదా, జాగరూకతకు?

గంధకం చల్లబరుస్తుంది గనుక గంధకపు పొగను కొనసాగనిద్దాము అనే వాదం మరొకటి ఉన్నది. దీనిని కూడ పరిశీలించాలి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం బ్రద్దలై సుమారు రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆకాశంలోకి చిమ్మినది. మరుసటి సంవత్సరం భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ సెంటీగ్రేడ్ తగ్గినది. కాని రెండు మూడేండ్లలో ఆ ప్రభావం మాయమైనది. బొగ్గుపులుసు వాయువు మాత్రం శతాబ్దాలపాటు నిలిచి ఉంటుంది. 2020 జనవరి 1 నుండి ప్రపంచ నౌకల ఇంధనంలో గంధకపు పరిమితిని 3.5 శాతంనుండి 0.5 శాతానికి తగ్గించినారు. ఫలితంగా నౌకామార్గాలమీద గీతలవలె ఏర్పడే మేఘాలు తగ్గినట్లు ఉపగ్రహాలు చూపినవి. అంతవరకు మన పొగే మన వేడిని కొంత మరుగుపరచినదన్నమాట. కాని ఆ పొగ పీల్చినవారి ఊపిరితిత్తుల సంగతేమిటి? ఆమ్లవర్షాల సంగతేమిటి? అప్పుకు వడ్డీ కట్టడానికి మరొక అప్పు చేసేవాడు ఋణవిముక్తుడు కాజాలడు. మన దేశంలో బొగ్గు విద్యుత్ కేంద్రాలకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులను 2015లో నిర్ణయించినారు. గడువులు పలుమార్లు పొడిగింపబడినవి. 2025లో అత్యధిక కేంద్రాలకు సడలింపు కూడ ఇచ్చినారు. చల్లదనమనే సాకుతో ఇటువంటి సడలింపులను ఎవరైనా సమర్థించబోతే, విజ్ఞానశాస్త్రం చదివిన విద్యార్థి అంగీకరించరాదని మా మనవి. బొగ్గు వాడకం తగ్గించడం, ఉన్న పొగను శుభ్రపరచడం, ఈ రెండూ కలిసి సాగవలసినవే.

శాస్త్రజ్ఞులే ఒకనాడు అవునన్నదానిని మరొకనాడు కాదంటే సామాన్యుడు ఎవరిని నమ్మాలి అనే ఆక్షేపణ కూడ రావచ్చు. సందేహం ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో వేరుచేసి చూడాలి. బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కిస్తున్నదన్న విషయంలో సందేహం లేదు. ఆ వేడిని సూక్ష్మజీవులు అణచగలవా అన్నదే వివాదం. అది కూడ సాక్ష్యాలతోనే నడచినది. తప్పని తేలినమాత్రాన ఒక ప్రతిపాదన వ్యర్థం కాదు. లోహాలన్నీ గంధక పాదరసాల కలయికవలన పుట్టినవని జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరిట వెలసిన అరబ్బీ గ్రంథాలు బోధించినవి. ఆ సిద్ధాంతం నిలువలేదు, కాని దానిని పట్టుకొని శతాబ్దాలపాటు సాగిన ప్రయోగాలు రసాయనశాస్త్రానికి పునాదులలో ఒకటైనవి. క్లా ప్రతిపాదన కూడ అంతే. దానిని నిరూపించబోయి, ఖండించబోయి సముద్రానికి, ఆకాశానికి మధ్యనున్న ఎన్నో రహస్యాలను మనవారు తెలిసికొన్నారు. పరీక్షకు నిలబడే విధంగా ఊహించడమూ, పరీక్షలో ఓడితే ఒప్పుకోవడమూ శాస్త్రధర్మం.

ఇదంతా ఎక్కడో ధ్రువసముద్రాల సంగతి, మనకేమని అనుకోరాదు. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులలో బురదను కదిపితే నల్లగా కనిపించి కుళ్ళిన గ్రుడ్డు వాసన వేస్తుంది. ప్రాణవాయువు లేనిచోట సల్ఫేటుతో శ్వాసించే బాక్టీరియాల పని అది. భారతదేశపు పశ్చిమతీరంలో ఏటా వర్షాకాలంలో తీరప్రాంత జలాలలో ప్రాణవాయువు క్షీణిస్తున్నది. 1999లో అది ఎంతగా క్షీణించినదంటే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడ చేరినది. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పరిణామాన్ని 2000లో లోకానికి వెల్లడించినారు. ఇక హైదరాబాదులో 1999లో నెలకొన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఉపగ్రహాల సాయంతో వృక్షప్లవకాల రంగును, నీటి వేడిమిని గమనించి, చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. మన తీరంలో వల వేసే బెస్తవాని కూటికీ, ఈ కనిపించని మొక్కలకూ సంబంధం ఉన్నదనడానికి ఇంతకంటె వేరే ఋజువు అక్కరలేదు.

చివరగా మా కోరిక ఒకటి. మన పాఠ్యగ్రంథాలలో శాస్త్రం ముగిసిన కథవలె కనిపిస్తుంది. ప్రశ్నకు ఒకే జవాబు, జవాబుకు ఇన్ని మార్కులు. కాని ఒక ఊహ ఎలా పుట్టినదో, ఎలా పరీక్షింపబడినదో, ఎందుకు సవరింపబడినదో తెలియనిదే విద్యార్థికి శాస్త్రదృష్టి అలవడదు. కనుక ఏటా ఒక్కసారి అయినా, ఇంకను తేలని ఒక శాస్త్ర సమస్యపై ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి చర్చించే ఏర్పాటు చేయవలసినదిగా పాలకవర్గంవారిని ప్రార్థిస్తున్నాము. వీలైతే కోరింగ వంటి చోటికి ఒక విజ్ఞానయాత్ర ఏర్పాటుచేసి, ఒక సూక్ష్మదర్శిని వెంట పంపితే మరీ మంచిది. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం, కలిగే ప్రయోజనం అధికం.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది మరొక్కటి మిగిలినది. సముద్రపు శైవలం డి.ఎం.ఎస్.పి.ని కూర్చుకొన్నది తన బ్రతుకుకోసమని ముందే చెప్పి ఉన్నాము. మన బాధ్యతను అది మోయదు, మోయాలని కోరడం న్యాయమూ కాదు. దానికి బుద్ధి లేదు, మనకు ఉన్నది. పొగను పుట్టించినవారమూ మనమే, లెక్క కట్టగలిగినవారమూ మనమే. కనుక తగ్గించవలసినవారమూ మనమే.